కంటికాడ కథలో వదిలేసిన పేజీలు

రొయ్యకు కంటికాడ తీసేస్తే గుడ్లు త్వరగా పెడుతుందని 1943లో ఫ్రాన్స్‌లో పనూజ్ కనిపెట్టాడు, 1970లలో హేచరీలు దాన్ని అందిపుచ్చుకున్నాయి. మన ఆక్వా రంగంలో వినిపించే చరిత్ర ఇంతే. ఇందులో తప్పు లేదు గానీ, ఇది కాడను గుడ్లకు వేసిన తాళంగా మార్చేసింది. నా అభ్యంతరం అక్కడే.

కాడ కోత 1943 కంటే పాతది. కాడలు తీసేసిన ఫిడ్లర్ పీతలు త్వరత్వరగా గుల్ల విడుస్తాయని 1905లోనే జెలెనీ చూశాడు. 1928లో పెర్కిన్స్ కాడల సారంతో రొయ్య ఒంటి రంగు మార్చాడు. అంటే గుడ్ల సంగతి తెలియడానికి ముందే గుల్ల, రంగు తెలిసాయి.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. 1930లలో స్వీడన్ శాస్త్రవేత్త హాన్‌స్ట్రోమ్ కాడలో రెండు నిర్మాణాలను వర్ణించాడు: సైనస్ గ్రంథి, ఎక్స్ అవయవం. ఈ మార్పులను నడిపే హార్మోన్ తయారయ్యేది సైనస్ గ్రంథిలోనేనని చాలామంది నమ్మారు. వాళ్లను తప్పుపట్టలేం, ఎందుకంటే ఆ గ్రంథి సారం నిజంగానే పనిచేసేది. పనూజ్ కూడా నిద్రాణ రుతువులో అండాశయం పెరగడాన్ని మొదట కాడ కోతతో చూపి, 1944లో సైనస్ గ్రంథి వైపే మళ్లాడు. అయితే ఒక్క సైనస్ గ్రంథినే తీస్తే, మొత్తం కాడ తీసినప్పటి ఫలితాలు రాలేదు. 1950ల ఆరంభంలో డరోతీ బ్లిస్, పసానో వేర్వేరు పీతల మీద చేసిన పనితో ముడి విడింది. హార్మోన్లు తయారయ్యేది ఎక్స్ అవయవపు నాడీకణాల్లో. ఆ కణాల కొసలు చేరి సరుకు నిల్వచేసి రక్తంలోకి వదిలే చోటే సైనస్ గ్రంథి. ఈ రెండూ కలిసి మెదడుకు కొనసాగింపు. కాడ పని గుల్ల, రంగు, గుడ్లతో ఆగదు: రక్తంలో చక్కెరను పెంచే పదార్థం కాడలో ఉందని 1944లోనే అబ్రమోవిట్జ్ బృందం చూపింది. 1970లో కె.జి. ఆదియోడి, రీటా ఆదియోడి రాసిన సమీక్ష, కాడ అండాశయాన్ని అణచిపెడితే మెదడు, వక్షస్థలపు నాడీగ్రంథి దాన్ని ప్రేరేపిస్తాయని వివరించింది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ జంతుశాస్త్రవేత్తలు మంచినీటి పీత మీద చేసిన పరిశోధనలూ ఈ చరిత్రలో భాగమే. మన ప్రాంతపు పనిని మనమే చెప్పుకోకపోవడం బాధాకరం.

కాబట్టి కాడ కోసినప్పుడు అండాశయపు అదుపు ఒక్కటే సడలదు. గుల్ల విడవడం, చక్కెర, నీరు-లవణాల సమతూకం అన్నీ కదులుతాయి. హేచరీలు రెండు కాడలూ తీయక ఒక్కటే తీయడానికి కారణం ఇదే.

2009లో మన దేశంలోకి వెనామీ రొయ్యను అనుమతించాక ఆంధ్ర తీరపు హేచరీలు బాగా విస్తరించాయి. కోత వల్ల గుడ్లు అనుకున్న వేళకు వస్తాయన్నది నిజమే, కాడ కోయని తల్లి రొయ్యలతో ఆ నిశ్చయం తక్కువ. అయినా కోయని తల్లుల పిల్లలు జబ్బులను మెరుగ్గా తట్టుకున్నాయని స్టిర్లింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. బ్రిటన్ 2022లో పీత, రొయ్యలను నొప్పి తెలిసే ప్రాణులుగా చట్టంలో గుర్తించింది. ఇవి తెలిశాక కూడా కోతను తప్పనిసరి పద్ధతిగా చూడడం సరికాదు. మన హేచరీలు కొన్ని ట్యాంకులనైనా కోయని తల్లులకు కేటాయించి, గుడ్ల లెక్కతో పాటు చెరువులో పిల్లల బతుకు లెక్కనూ రాసిపెట్టాలి.