వఫాదారీ ఎవరికి? కితాబ్‌కా, మట్టికా?

మా భాంజీ భూపాలపల్లి పిల్ల. వాళ్ల అబ్బా సింగరేణి బాయిల పనిచేస్తడు. ఆమె మహబూబాబాద్‌లో డిగ్రీ చదువుతూ ఇంగ్లిష్ సాహిత్యం తీసుకున్నది. మొన్న సెలవులకు జనగామలో మా ఇంటికొచ్చి లాప్‌టాప్ ముందేసుకొని కూసున్నది. 1813లో అచ్చైన జేన్ ఆస్టిన్ నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'ను సినిమావాళ్లు ఎట్లెట్ల తీసిన్రో పోల్చి రాయమని లెక్చరర్ చెప్పిన్రట.

"మామూ, ఇన్నిట్ల ఏది కరెక్టు?" అని అడిగింది.

ఆమెతో కూసొని నేనూ చూసిన. 1940లో హాలీవుడ్ తీసిన దాంట్ల బట్టలే వేరే జమానావి. నవలలో జహర్ కక్కే లేడీ కేథరిన్‌ను ఆఖరుకు మంచిదాన్ని చేసి కూసోబెట్టిన్రు. 1995లో బీబీసీ వాళ్లు ఆరు భాగాలుగా తీసింది నవలకు శానా దగ్గర. కానీ జనానికి అందులో యాదున్నదేంది? డార్సీ చెరువుల దుంకి తడిసిన అంగీతో బయటికొచ్చుడు. అది ఆస్టిన్ రాయనే లేదు! 2005 సినిమాలో బెన్నెట్‌ల ఇల్లు కోళ్లు, పందులు, బురదతో కళకళలాడుతది. 2004లో గురిందర్ చద్దా అయితే కథనంతా అమృత్‌సర్‌కే మోసుకపోయింది.

మనవాళ్లేం తక్కువ తినలేదు. 1952లో 'జేన్ ఐర్' దిలీప్ కుమార్, మధుబాలల 'సంగ్‌దిల్' అయ్యింది. 1966లో 'వుదరింగ్ హైట్స్' 'దిల్ దియా దర్ద్ లియా' అయ్యింది. విలియం వైలర్ 1939లోనే ఆ నవల రెండో సగాన్ని, అంటే పిల్లల తరం కథను, కోసి పక్కన పడేసిండు. ఎవరూ ఫిర్యాద్ చేయలే.

భాంజీకి జవాబు చెప్పబోతుంటే నాకు ఇంకో కితాబ్ యాదికొచ్చింది. ఇంగ్లాండుది కాదు, మనదే. అది ఉర్దూలో పుట్టి తెలుగులో సినిమా అయ్యింది. దాని వేర్లు మా జనగామ మట్టిలోనే ఉన్నయ్. కృషన్ చందర్ రాసిన 'జబ్ ఖేత్ జాగే', దాని మీద గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి'.

ముందు మట్టి సంగతి. జనగామ అప్పుడు నల్లగొండ జిల్లాలో తాలూకా. విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి జుల్మ్ ఈ చుట్టుపక్కల ఊర్లన్నిటి మీద నడిచేది. దేవరుప్పుల దగ్గర కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే రైతు ఉండె. జాగీర్దారూ కాదు, నవాబూ కాదు, నాగలి పట్టిన ముసల్మాన్. తన భూమి కోసం దేశ్‌ముఖ్ అండ ఉన్నోళ్ల మీద అదాలత్‌కెక్కిండు. ఏండ్లకేండ్లు ఒక్కడే కొట్లాడిండు. 1940ల తొలినాళ్లలో దేశ్‌ముఖ్ మనుషులు ఆయన్ను ఖతల్ చేసిన్రు. జనగామ నుంచి సూర్యాపేట పోయే సడక్ పొంట ఆయన మజార్ ఇప్పటికీ ఉన్నది. హిందువులూ ముసల్మాన్లూ అక్కడ ఫూల్ పెడ్తరు.

ఒక్క మాట ఇక్కడ. నిజాం రియాసత్‌లో సర్కారీ జబాన్ ఉర్దూ. పట్టా, పహాణీ, వకాలత్‌నామా, ఫైసలా అన్నీ ఆ జబాన్‌లోనే. బందగీ మీద జుల్మ్ చేసిన కాగితం ఉర్దూలో ఉన్నది, ఆయన ఇన్సాఫ్ అడిగిన కాగితమూ ఉర్దూలోనే ఉన్నది. ఉర్దూ అంటే దొరల భాష, రజాకార్ల భాష అని ఈజీగ అనేటోళ్లకు నేను ఈ సంగతే చెప్త.

బందగీ షహాదత్‌ను ప్రేరణగా తీసుకొని సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో 'మా భూమి' నాటకం రాసిన్రు. ప్రజానాట్యమండలి దళాలు కోస్తా ఊరూరా ఆడినయ్. మద్రాసు సర్కార్ తర్వాత దాన్ని నిషేధించింది. ఆలోపే 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు నేలకొరిగిండు, తెలంగాణ అంతా అంటుకున్నది. ఆ పోరాటాన్ని 1951 అక్టోబర్‌లో విరమించిన్రు. మరుసటేడు, 1952లో, 'జబ్ ఖేత్ జాగే' వచ్చింది. 'సంగ్‌దిల్' వచ్చిన సాలే!

కృషన్ చందర్ ఈ ఊర్లవాడు కాదు. బంబయిలో ఉండి అఫ్సానాలు రాసేటోడు, సినిమాలకు పనిచేసేటోడు. నవలలో రాఘవరావు అనే నౌజవాన్ జైల్లో ఉంటడు, తెల్లారితే ఫాంసీ. ఆ ఒక్క రాత్రిలో తన జిందగీనంతా నెమరేసుకుంటడు: వెట్టి చేసిన బాప్, చంద్రితో మొహబ్బత్, పట్నంలో రిక్షా తొక్కిన రోజులు, అక్షరం నేర్పిన మఖ్బూల్. జబాన్ నజ్మ్ లెక్క నడుస్తది. కొన్ని జాగలల్ల మరీ తీపి ఎక్కువైందని నాకనిపిస్తది. చావు ముందర కూసున్న రైతు అంత సుందరంగ మాట్లాడుతడా? తెలుగు రైతు ఉర్దూలో కలగన్నట్టుంటది. కానీ చదివినప్పుడల్లా గొంతు పట్టుకుంటది, అదీ నిజమే.

సినిమా 1979లో తయారై 1980 మార్చిలో విడుదలయ్యింది. గౌతమ్ ఘోష్ బెంగాలీ, ఇది ఆయన మొదటి కథాచిత్రం. నిర్మాతలు బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్. రామయ్యగా సాయిచంద్. హైదరాబాద్‌లో ఏడాది ఆడింది. పేరు నాటకంది, ఎముకలు నవలవి. మరి మాంసం ఎక్కడిదంటే, తెలంగాణ జనానిది. బండి యాదగిరి కట్టిన పాటను తెర మీద గద్దర్ పాడిండు. పసులు కాసే పిల్లగాని మీద సుద్దాల హనుమంతు రాసిన పాట ఉన్నది. ఇవేవీ కృషన్ చందర్ కితాబ్‌లో లేవు.

డార్సీ చెరువుల దుంకినందుకు కోపం వచ్చేటోళ్లు ఈ లెక్కన గద్దర్ పాట మీద కూడా కోపం చేయాలె. నేను చేయను. ఎందుకంటే ఆ పాట నవలకు ముందే ఈ ఊర్లల్ల ఉన్నది. కృషన్ చందర్‌కు బంబయిలో వినపడలేదు, అంతే. సినిమా కితాబ్‌ను దాటిపోయి, కితాబ్ దేని గురించి రాసిందో దాని దగ్గరికి వచ్చింది.

అన్నిటికన్నా పెద్ద ఫరక్ చావు. నవల నడిచేదంతా ఫాంసీ నీడలో. సినిమాలో ఆ జైలు రాత్రి చట్రం లేదు, కథ వరుసగా నడుస్తది, రామయ్య మిలిటరీతో పోరులో చనిపోతడు. నేను మొదట చూసినప్పుడు దీన్ని గద్దారీ అనుకున్న. నవల జాన్ అంతా ఆ ఒక్క రాత్రిలో ఉంటే దాన్నే తీసేస్తరా అని. తర్వాత తారీఖ్ చదివిన. అసలు సంగతేందంటే, పోరాటంలో పన్నెండు మందికి ఉరిశిక్ష పడ్డది నిజం. జనగామ ఇలాకా నాయకులు నల్లా నర్సింహులు అందులో ఒకరు. దేశదేశాల నుంచి నిరసనలు వచ్చినయ్, లండన్ నుంచి డి.ఎన్. ప్రిట్ అనే పెద్ద వకీల్ వచ్చి వాదించిండు, ఆఖరుకు ఆ శిక్షలు యావజ్జీవంగా మారినయ్. పన్నెండు మందిలో ఎవరూ ఉరికంబం ఎక్కలే. నర్సింహులు బతికి బయటికొచ్చి తన అనుభవాలు తనే రాసిన్రు. చనిపోయినోళ్లు ఉరికి కాదు, తూటాలకు చనిపోయిన్రు. కమ్యూనిస్టులు, రైతులు కలిపి నాలుగు వేల మంది దాకా అని పుచ్చలపల్లి సుందరయ్య లెక్క. అంటే నవలకు బేవఫా అయిన చోటే సినిమా తారీఖ్‌కు వఫాదార్ అయ్యింది.

పోలీస్ యాక్షన్ తర్వాత దొరలు ఖద్దర్ టోపీ పెట్టుకొని ఊర్లల్లకు తిరిగొచ్చుడు కూడా సినిమా దాచలేదు. నిజాం పోయిండు, గడీ మిగిలింది. రజాకార్ల జుల్మ్ చూపించి అక్కడే తెర దించే సినిమాలు ఈ మధ్య చూస్తున్నం. నలభై ఏండ్ల కింది 'మా భూమి' అక్కడ ఆగలేదు.

ఇక నా శికాయత్‌లు. మొదటిది చంద్రి. దొర జబర్దస్తీకి ఆమె లొంగాల్సి వస్తది, రామయ్య కోపంతో ఊరు విడిచిపోతడు. ఆ ఘాటు ఆమెది, దాన్నుంచి పుట్టిన కథ మాత్రం అతనిది. పాలకుర్తి చాకలి ఐలమ్మ అదే విసునూరు దొర మనుషులకు అడ్డం నిలబడి తన పంట తాను కాపాడుకున్నది. సినిమా వచ్చేనాటికి ఆమె బతికే ఉన్నది, 1985లో పోయింది. ఇటు మహబూబాబాద్ తండాల నుంచి వచ్చే నా భాంజీ దోస్తులు చంద్రిని చూసి ఏమంటరో అడగాలె. నర్సింగరావే తర్వాత 1988లో 'దాసి' తీసి గడీ లోపలి ఆడమనిషి గోసను చూపించిన్రు. ఆ లోటు ఆయనకూ తెలిసిందేమో.

రెండోది దిల్‌కు దగ్గరిది. నాటకానికి ప్రేరణ బందగీ. నాటకం పేరు సినిమాకు వచ్చింది, బందగీ రాలే. నవలలో, సినిమాలో మఖ్బూల్ ఉన్నడు, మంచివాడు, నాకైతే ఆయనలో మఖ్దూం మొహియుద్దీన్ కనిపిస్తడు. కానీ ఆయన పట్నం ముసల్మాన్, కార్మికుడు, చదువు చెప్పేటోడు. భూమి కోసం కొట్లాడి ఆ భూమిలోనే దఫన్ అయిన పల్లె ముసల్మాన్ కథకు నడుమ లేడు. కృషన్ చందర్‌ను తప్పు పట్టలేను, ఆయనకు దూరం. మన దగ్గర తీసినోళ్లకు కామారెడ్డిగూడెం ఎంత దూరం?

కృషన్ చందర్ 1977 మార్చిలో గుజర్ గయే. తన రాఘవరావు రామయ్యై తెలుగులో మాట్లాడుడు ఆయన చూడనే లేదు.

ఇదంతా భాంజీకి చెప్పేసరికి రాత్రి పదకొండయ్యింది. "మామూ, నా అసైన్‌మెంట్ జేన్ ఆస్టిన్ మీద" అని యాది చేసింది. సరే, చెరువు సీన్ గురించి రాసుకో అన్న. తెల్లారి ఆమెను బండి మీద ఎక్కించుకొని దేవరుప్పుల దిక్కు పోయిన. మజార్ కాడ ఫాతెహా చదివినం. ఆమె సమాధి మీది పేరు చదివి ఫోన్‌లో ఫొటో తీసుకున్నది. "ఈయన పార్ట్ ఎవరేసిన్రు సినిమాల?" అని అడిగింది.

ఎవరూ వేయలేదని చెప్పిన.