అవాలి: బహ్రెయిన్ గుట్టల నడుమ కంపెనీ ఊరు

బహ్రెయిన్ దీవి నడిమధ్యన, రిఫా పట్టణానికి దక్షిణంగా, జబల్ దుఖాన్ గుట్టకు ఉత్తరాన ఉన్న చిన్న ఊరు అవాలి. ఏ నదో, రేవో, బాటల కూడలో పుట్టించిన ఊరు కాదిది. అమెరికన్ యాజమాన్యంలోని బహ్రెయిన్ పెట్రోలియం కంపెనీ (వాడుకలో బాప్కో) 1930లలో తన ఉద్యోగుల కోసం దీన్ని కట్టింది. ప్రాచీన దిల్మున్ నాగరికత నాటి సమాధి దిబ్బలకు పేరుపడ్డ ఆలీ ఊరు వేరు, ఇది వేరు.

దీవి మధ్యభాగంలో సున్నపురాయి పొరలు పైకి ఉబ్బి, ఆ ఉబ్బు నడినెత్తి కాలక్రమంలో అరిగి పల్లమైంది. పల్లం చుట్టూ లోపలికి తిరిగిన రాతి అంచు, మధ్యలో దేశంలోకెల్లా ఎత్తైన దుఖాన్ గుట్ట. ఎత్తైనదంటే సుమారు 134 మీటర్లే. ఊటబావులు, ఖర్జూర తోటలు ఉత్తర తీరంలో ఉండటంతో జనమూ అక్కడే స్థిరపడ్డారు. నడిభాగం రాయీ ఇసుకగా మిగిలిపోయింది. ఆ ఇసుకలో, దుఖాన్‌కు దగ్గరలోనే, దాదాపు నాలుగు వందల ఏళ్ల చెట్టొకటి ఒంటరిగా నిలిచి ఉంది. సందర్శకులు దాన్ని జీవవృక్షం అంటారు. తెలుగువాళ్లు చూస్తే ఇట్టే గుర్తుపడతారు: అది దసరాకు పూజించే జమ్మిచెట్టు.

ఈ పల్లం కింద చమురు ఉందని పట్టుబట్టినవాడు న్యూజిలాండ్‌కు చెందిన ఫ్రాంక్ హోమ్స్. మంచినీటి బావులు తవ్వించి పాలకుల మెప్పు పొంది, 1925లో చమురు అన్వేషణ హక్కు సంపాదించాడు. ఆ హక్కు లండన్‌లో ఎవరికీ అక్కర్లేకపోయింది. చివరికి గల్ఫ్ ఆయిల్ చేతుల మీదుగా స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ కాలిఫోర్నియాకు చేరింది. బ్రిటిష్ రక్షణలోని దీవిలో బ్రిటిష్ కంపెనీలే పని చేయాలన్న షరతును దాటడానికి, అది 1929లో బాప్కోను కెనడాలో నమోదు చేసింది. 1931 అక్టోబర్‌లో దుఖాన్ పాదం దగ్గర మొదటి బావి తవ్వకం మొదలై, 1932 జూన్ నాటికి సుమారు రెండు వేల అడుగుల లోతున చమురు పడింది. పర్షియన్ గల్ఫ్‌కు అరబ్బు వైపున అదే తొలి చమురు. జపాన్ పెంపకపు ముత్యాలు, ప్రపంచ ఆర్థికమాంద్యం కలిసి ముత్యాల వేటను దెబ్బతీసిన రోజుల్లోనే ఇది దొరకడం దీవి అదృష్టం.

ఎగుమతులు, ఆపైన శుద్ధి కర్మాగారం మొదలయ్యాక అవాలి పెరిగింది. బంగళాలు, క్లబ్బు, ఈతకొలను, ఆసుపత్రి వచ్చాయి. ఆ ఎండల్లో ఇళ్లను చల్లబరిచే యంత్రాలూ వచ్చాయి. రైల్వే కాలనీలు ఎరిగినవారికి హోదాను బట్టి ఇల్లు కొత్త సంగతి కాదు. ఇక్కడ హోదాతో పాటు జాతి కూడా లెక్కకొచ్చింది. కంచె లోపలి ఊరు ప్రధానంగా అమెరికన్లు, బ్రిటిష్‌వాళ్లది. బహ్రెయినీ, భారతీయ కార్మికుల బస వేరుగా ఉండేది. ఊరి నక్షా గీసినప్పుడే ఈ విభజన జరిగిపోయిందనాలి.

గుమాస్తాలను, పనివాళ్లను భారతదేశం నుంచి రప్పించుకోవడం కంపెనీకి సులువు. అప్పటి బహ్రెయిన్‌లో చెల్లే నాణెం రూపాయే. తపాలా బిళ్లలు ‘బహ్రెయిన్’ అని అచ్చువేసిన భారతీయ బిళ్లలు. బ్రిటిష్ పొలిటికల్ ఏజెంటు 1947 దాకా భారత ప్రభుత్వానికే జవాబుదారీ. ఉద్యోగాలు ఇలా బయటివారికి పోవడం స్థానికులకు కంటగింపైంది. విదేశీయుల బదులు బహ్రెయినీలకు ఉద్యోగాలివ్వాలన్నది 1938లో జరిగిన ఆందోళన కోరికల్లో ఒకటి.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1940 అక్టోబర్ 19న ఇటలీ విమానాలు కర్మాగారం మీద బాంబులు వేశాయి, నష్టం స్వల్పమే. 1945లో సముద్రం అడుగున వేసిన గొట్టపు మార్గం గుండా సౌదీ ముడిచమురు ఈ కర్మాగారానికి రాసాగింది. దీవి నిల్వలు చిన్నవైనా కర్మాగారం, దాంతో అవాలి, నిలదొక్కుకున్నది అందువల్లే.

బాప్కో కాలక్రమంలో పూర్తిగా ప్రభుత్వపరమైంది. కంపెనీ గోడల మధ్య మొదలైన ఊరికి తర్వాత మరో గుర్తింపూ వచ్చింది. రాజు హమద్ ఇచ్చిన స్థలంలో అవర్ లేడీ ఆఫ్ అరేబియా కథీడ్రల్ 2021 డిసెంబర్‌లో ప్రారంభమైంది. సుమారు 2,300 మంది పట్టే ఆ ఆలయాన్ని 2022 నవంబర్‌లో పోప్ ఫ్రాన్సిస్ సందర్శించారు. బహ్రెయిన్ క్యాథలిక్కుల్లో ఎక్కువమంది భారతదేశం, ఫిలిప్పీన్స్ నుంచి పనికి వచ్చినవారే.