కిటికీ పక్క సీటుతో మొదలైన బేరం

పాతికేళ్ల కిందట ప్రైవేటు బస్సుల్లో తిరిగినవాళ్లకు ట్రావెల్స్ ఆఫీసులోని చార్టు గుర్తుండే ఉంటుంది. బస్సులో సీట్లు ఎలా ఉంటాయో అలాగే గళ్లు గీసిన కాగితం. అటు రెండు, ఇటు రెండు, మధ్యలో నడవడానికి దారి, చివర్న వరసగా అయిదు. బస్సుకో చార్టు, రోజుకో చార్టు. టికెట్ అడిగితే కౌంటర్లోని కుర్రాడు ఆ గడిలో పేరు, ఎక్కే స్టాపు రాసుకుని, ఆడవాళ్లయితే 'లేడీస్' అని గుర్తు పెట్టుకునేవాడు. పక్క సీటు మళ్లీ ఆడవాళ్లకే ఇవ్వాలి కదా. ప్రయాణం మానుకున్నారంటే ఆ పేరు కొట్టేసి పైన ఇంకో పేరు. సాయంత్రానికి కాగితమంతా కొట్టివేతలతో నిండిపోయి డ్రైవర్ చేతికి చేరేది.

చిక్కేమిటంటే, బస్సు మొత్తానికి ఆ చార్టు ఒక్కటే. అది ఉండేది యజమాని ఆఫీసులో. ఊరంతా ఉన్న ఏజెంట్ల దగ్గర ఉండేది ఫోను మాత్రమే. "అన్నా, రాత్రి తొమ్మిదింటి బండికి రెండు సీట్లున్నాయా? ఒకటి లేడీస్" అని అడిగి, అవతలివాళ్లు కాగితం చూసి చెప్పేదాకా ఆగాలి. పండగ రోజుల్లో ఆ ఫోను ఎప్పుడూ ఎంగేజే. అందుకని యజమానులు ముందే కోటా పంచేసేవాళ్లు. లక్డీకాపూల్ ఏజెంటుకు నాలుగు, అమీర్‌పేట ఏజెంటుకు ఆరు అన్నట్టుగా. ఒకరి కోటా అయిపోగానే "సీట్లు లేవండీ" అనేవారు. ఇంకొకరి దగ్గర రెండు మిగిలే ఉండేవి. వీళ్ల సంగతి వాళ్లకు తెలియదు. బస్సేమో ఖాళీ సీట్లతో బయల్దేరేది, ప్రయాణికుడేమో బ్యాగు భుజాన వేసుకుని రూముకు తిరిగి వెళ్లేవాడు.

మన దేశంలో ఇంటర్నెట్ వ్యాపారాన్ని ఎలా మార్చిందో చెప్పేటప్పుడు ఎక్కువమంది ఫ్లిప్‌కార్ట్‌తో మొదలుపెడతారు. నా లెక్కలో అసలు కథ ఈ చార్టుది. అమెరికాలో 1995 జులైలో అమెజాన్ తెరిచింది పుస్తకాల దుకాణం. మన దగ్గర మామూలు జనం పెద్ద ఎత్తున నెట్‌లో డబ్బు కట్టి కొన్న తొలి సరుకు మాత్రం సీటు. రైల్లో బెర్తు, ఆ తర్వాత బస్సులో కిటికీ పక్క చోటు.

అయిదు కంప్యూటర్లు, ఒక చార్టు

రైల్వే రిజర్వేషన్ ఒకప్పుడు లెడ్జర్లలో నడిచేది. ఏ కౌంటర్లో ఏ బండి పుస్తకం ఉంటే అక్కడే క్యూ కట్టాలి. వెళ్లడానికి టికెట్ దొరికినా, తిరుగు ప్రయాణానికి టెలిగ్రాం కొట్టి జవాబు కోసం ఎదురుచూడాలి. స్టేషన్‌కింత కోటా ఉండేది. ట్రావెల్స్ ఆఫీసులో ఉన్న చిక్కే ఇక్కడ దేశమంత పెద్దదై కూర్చుంది.

దాన్ని విప్పే పని 1985లో ఢిల్లీలో మొదలైంది. సాఫ్ట్‌వేర్ రాసింది సీఎంసీ. ఐబీఎం 1978లో దేశం విడిచి వెళ్లాక ఇక్కడి కంప్యూటర్ల బాగోగులు చూసిన ప్రభుత్వ రంగ సంస్థ అది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాద్ ఈ అయిదు చోట్లా అయిదు వ్యవస్థలు పెట్టారు. లెడ్జర్లు పోయాయి గానీ ఎవరి కంప్యూటర్ వాళ్లదే. సికింద్రాబాద్ కౌంటర్లో కూర్చుని హౌరాలో బయల్దేరే బండికి బెర్తు ఇవ్వడం అప్పటికీ సాధ్యం కాలేదు. ఈ అయిదింటినీ ముడివేయడానికి రైల్వే సొంత సంస్థ క్రిస్ 'కాన్సర్ట్' అనే వ్యవస్థను తయారుచేసింది. అది తొలిసారి పనిలోకి దిగింది సికింద్రాబాద్‌లోనే, 1994లో. 1999 ఏప్రిల్‌కల్లా అయిదూ ఒక్కటయ్యాయి. ఏ కౌంటర్లో నిలబడినా ఏ ఊరి నుంచి ఏ ఊరికైనా టికెట్ తీసుకునే రోజు వచ్చింది.

ఇందులో ఇంటర్నెట్ ఎక్కడా లేదు, అన్నీ రైల్వే తన కోసం వేసుకున్న లైన్లే. అయినా నెట్‌లో అమ్మడానికి కావలసిన అసలు సరుకు సిద్ధమైంది అప్పుడే. దేశమంతటికీ ఒకే చార్టు, ఏ క్షణాన చూసినా నిజం చెప్పే చార్టు. నెట్ యుగం గురించి రాసేటప్పుడు స్టార్టప్ అధిపతుల ఫొటోలు వేస్తాం. పదిహేనేళ్లు కూర్చుని కోటాలు, తరగతులు, రాయితీలు, వెయిటింగ్ లిస్టులు అన్నిటినీ ఒక్క ప్రోగ్రాములోకి ఎక్కించిన రైల్వే, సీఎంసీ ఉద్యోగుల పేర్లు మనలో ఎవరికీ తెలియవు. అది అన్యాయమే.

తీగ వచ్చింది, కొనేవాళ్లు రాలేదు

1995 ఆగస్టు 9న అమెరికాలో నెట్‌స్కేప్ షేర్లు స్టాక్ మార్కెట్‌లోకి వచ్చి పెట్టుబడిదారుల కళ్లు నెట్ వైపు తిప్పాయి. సరిగ్గా ఆరు రోజులకు, ఆగస్టు 15న, ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. కనెక్షన్ రకాన్ని బట్టి 250 గంటలకు 5,000 నుంచి 25,000 రూపాయల దాకా కట్టాలి. పైగా ఫోన్ బిల్లు వేరే. సెకనుకు 9.6 కిలోబిట్ల వేగంలో ఒక్క ఫొటో పైనుంచి కిందికి గీతలు గీతలుగా దిగుతుంటే కూర్చుని చూసేవాళ్లు.

1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచారు. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ పెట్టిన సత్యం ఇన్ఫోవే అందులో ముందు నిలిచింది. 1999 అక్టోబరులో అది అమెరికా నాస్‌డాక్‌లో చేరింది. ఆ మరుసటి నెలే రాజేశ్ జైన్ నడిపే ఇండియావరల్డ్ పోర్టల్‌ను 499 కోట్ల రూపాయలకు కొంటున్నట్టు ప్రకటించింది. దేశమంతా నోరెళ్లబెట్టింది. వార్తలు, క్రికెట్ స్కోర్లు, వంటలు చూపించే వెబ్‌సైట్లకు అంత సొమ్మా? 2000 మార్చిలో నాస్‌డాక్ కుప్పకూలడం మొదలయ్యాక జవాబు దొరికింది. చూసేవాళ్లున్నారు గానీ కొనేవాళ్లు లేరు.

ఎలా కొంటారు? క్రెడిట్ కార్డు ఉన్నవాళ్లు ఏ కొద్దిమందో. చీరైనా చెప్పులైనా చేత్తో పట్టుకుని, తిప్పి చూసి, బేరమాడి కొనే అలవాటు మనది. పార్సిల్ విరగకుండా ఇంటికి చేరుతుందన్న భరోసా లేదు. నచ్చకపోతే ఎవరిని అడగాలో తెలియదు. 2000లో మొదలైన మేక్‌మైట్రిప్ సైతం తొలి ఏళ్లలో ఇక్కడివాళ్ల జోలికి పోకుండా, అమెరికా నుంచి సెలవులకు వచ్చే ప్రవాసులకు విమానం టికెట్లు అమ్మి బతికింది. డాలర్లలో జీతం, చేతిలో కార్డు, ఏడాదికోసారి ఇంటికి రాక తప్పని జనం వాళ్లు. మన తెలుగువాళ్లూ అందులో తక్కువేం లేరు.

సీటుకు ఈ బాధలేవీ లేవు. పట్టి చూడాల్సిన పనిలేదు, రంగు వెలిసిపోదు, పార్సిల్ కట్టక్కర్లేదు. ఎస్-7 బోగీలో 23 నంబరు అంటే ఎక్కడ కొన్నా అదే బెర్తు. అమ్మేవాడికీ తొందరే. బండి కదిలిందంటే ఖాళీ సీటు విలువ సున్నా. రేపటికి దాచుకుని అమ్ముకునే వీలున్న సరుకు కాదది.

2002 ఆగస్టు 3న ఐఆర్‌సీటీసీ వెబ్‌సైట్‌లో టికెట్ల అమ్మకం మొదలైంది. అప్పటి పద్ధతి ఇప్పటి కుర్రకారుకు వింతగా ఉంటుంది. నెట్‌లో డబ్బు కడితే వాళ్లు కౌంటర్లో ఇచ్చే మామూలు కాగితం టికెట్ లాంటిదే ముద్రించి కొరియర్‌లో ఇంటికి పంపేవారు. కాబట్టి ప్రయాణానికి కొన్ని రోజుల ముందే బుక్ చేసుకోవాలి, తలుపు తాళం వేసి ఉంటే టికెట్ వెనక్కి పోయేది. కాగితం చేతిలో లేకుండా రైలెక్కడాన్ని టీటీఈ ఒప్పుకునేవాడు కాదు, ప్రయాణికుడి మనసూ ఒప్పుకునేది కాదు. ఆ భయానికి విలువిచ్చి, కాగితాన్ని కొరియర్‌లో పంపి, మూడేళ్లు అలా నడిపాకే 2005లో ఈ-టికెట్ తెచ్చారు. మనమే ప్రింటు తీసుకుని గుర్తింపు కార్డుతో ఎక్కవచ్చన్నారు. అక్కడి నుంచి వెనుదిరగలేదు. 2014లో కొత్త వ్యవస్థ పెట్టినప్పుడు నిమిషానికి 2,000 టికెట్ల సామర్థ్యాన్ని 7,200కు పెంచాల్సి వచ్చింది.

ఇంట్లో కంప్యూటర్ లేనివాళ్ల మాటేమిటి? ఆ ఖాళీని చిన్న ఊళ్లలో నెట్ సెంటర్లు నింపాయి. కార్డు సెంటరు నడిపే ఆయనదే, లాగిన్ ఆయనదే, ప్రింటు ఆయనదే. టికెట్ ధర మీద కొంత పుచ్చుకునేవాడు. స్టేషన్‌కు పోయి క్యూలో నిలబడే పూట మిగిలింది కాబట్టి ఎవరూ గొణగలేదు.

ఖాళీగా పోయిన సీటు

రైలుకు ఒకే చార్టు దొరికింది. బస్సుకు? ప్రైవేటు బస్సులు ఎవరి చేతిలోనూ లేవు. వందల మంది యజమానులు, ఒక్కొక్కరికి అయిదో పదో బండ్లు, ఎవరి కాగితం వాళ్లది.

2005 దీపావళికి బెంగళూరు నుంచి హైదరాబాద్ రావాలని ఫణీంద్ర సామ ఏజెంట్ల చుట్టూ తిరిగారు. నిజామాబాద్ జిల్లా ఆయనది. బిట్స్ పిలానీలో చదివి టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ఇంజినీరుగా ఉన్నారు. టికెట్ దొరకలేదు, పండక్కి ఇంటికి వెళ్లలేకపోయారు. ఇలా జరిగినవాళ్లు ఆ రోజు వేలమంది ఉంటారు. ఆయన అడిగిన ప్రశ్న వేరు. నేను తిరగని ఏజెంటు దగ్గర సీటు మిగిలి ఉండదా? నేను తిరుగు టికెట్ అడిగితే బెంగళూరు ఏజెంటు ఎందుకు ఇవ్వలేకపోతున్నాడు?

కాలేజీ స్నేహితులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి ఆయన ముందు రాసింది వెబ్‌సైట్ కాదు. బస్సు యజమాని తన చార్టును కాగితం మీద కాకుండా కంప్యూటర్లో పెట్టుకునే సాఫ్ట్‌వేర్. ఊరికే ఇస్తామన్నా యజమానులు వద్దన్నారు. ఆ 'వద్దు'ను నేను తప్పుపట్టను. చార్టు అంటే వాళ్ల వ్యాపార రహస్యం. ఏ రోజు ఎన్ని సీట్లు నిండాయో, ఏ ఏజెంటు ఎంత తెచ్చాడో, పక్క ట్రావెల్స్‌కు తెలియనివి అందులోనే ఉంటాయి. ముక్కూ మొహం తెలియని కుర్రాళ్ల చేతిలో దాన్నెవరు పెడతారు?

అప్పుడు వాళ్లు దారి మార్చారు. అందరు ఏజెంట్లలాగే కోటా కింద కొద్ది సీట్లు తీసుకుని నెట్‌లో అమ్మిపెడతామన్నారు. 2006 ఆగస్టులో బెంగళూరులో రెడ్‌బస్ మొదలైంది. ఐటీ ఆఫీసుల ముందు నిలబడి కార్డులు పంచారు. యజమానుల కళ్ల ముందు సీట్లు అమ్ముడుపోయాయి, డబ్బు సమయానికి చేతికొచ్చింది. అప్పుడు గానీ నమ్మకం కుదరలేదు. మొదట వద్దన్న సాఫ్ట్‌వేర్‌నే కొన్నేళ్లకు వాళ్లు అడిగి పెట్టించుకున్నారు. తెర మీద బస్సు బొమ్మ, అటు రెండు, ఇటు రెండు, నిండినవి ఒక రంగు, ఖాళీవి ఒక రంగు, ఆడవాళ్లవి ఇంకో రంగు. కాగితం మీది గళ్లే తెర మీదికి వచ్చాయి. కాకపోతే అందరికీ ఒకేసారి కనిపిస్తున్నాయి.

ఏజెంటు కడుపు కొడుతుందనుకున్న నెట్, ఇక్కడ ఆయన్ని అమాంతం తుడిచిపెట్టలేదు. ఏజెంట్ల కోసమే రెడ్‌బస్ విడిగా 'సీట్‌సెల్లర్' పెట్టింది. నలుగురు యజమానులకు ఫోన్లు కొట్టుకునే ఏజెంటు తన కౌంటర్లోనే కూర్చుని వందల బస్సుల సీట్లు అమ్మసాగాడు. దెబ్బ తిన్నది కోటా మీద బతికినవాళ్లు. పండగ ముందు సీట్లు దాచిపెట్టి, చివరి గంటలో రెట్టింపు ధరకు తీసేవాళ్లు. 2008లో హైదరాబాద్‌లో అభిబస్ మొదలై ఆర్టీసీ ఆన్‌లైన్ రిజర్వేషన్లకు సాంకేతిక సాయం అందించింది. 2013లో రెడ్‌బస్‌ను ఇబిబో గ్రూపు కొనేసింది. ధర ఎంతో అధికారికంగా చెప్పలేదు గానీ పత్రికలన్నీ వందల కోట్లలోనే లెక్కగట్టాయి.

వస్తువుల అమ్మకం ఈ బాటలోనే తర్వాత వచ్చింది. 2007లో ఫ్లిప్‌కార్ట్‌కు తొలి ఆర్డరు వచ్చింది మన మహబూబ్‌నగర్ నుంచి, ఒక పుస్తకం కోసం. అయినా ఆ వ్యాపారం ఊపందుకున్నది 2010లో 'సరుకు చేతికొచ్చాకే డబ్బు' అన్న పద్ధతి పెట్టాక. రైల్వే కొరియర్‌తో ఏ భయాన్ని తీర్చిందో ఫ్లిప్‌కార్ట్ దీనితో అదే భయాన్ని తీర్చింది. 2016లో యూపీఐ, అదే ఏడు సెప్టెంబరులో జియో వచ్చాక కార్డు అవసరమే తప్పింది. 2023 ఆగస్టులో ఒక్క నెలలోనే యూపీఐ చెల్లింపుల సంఖ్య 1,000 కోట్లు దాటింది.

ఇంకో సంగతి చెప్పాలి. అందరికీ కనిపించే చార్టు యజమానికీ కనిపిస్తుంది. సంక్రాంతికి వారం ముందు సీట్లు ఎంత వేగంగా నిండుతున్నాయో చూసి ధర పెంచుకుంటూ పోవడం ఇప్పుడు వేలిముద్ర వేసినంత తేలిక. మామూలు రోజుల ఛార్జీకి రెండింతలు, మూడింతలు కట్టి విజయవాడ, రాజమండ్రి వెళ్లేవాళ్లను ఏటా చూస్తున్నాం. పైగా ఈ ప్రైవేటు బస్సుల్లో చాలావాటికి ఉండేది కాంట్రాక్ట్ క్యారేజీ పర్మిట్. ఒక బృందాన్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చాలే గానీ, ఆర్టీసీలా విడివిడిగా టికెట్లు అమ్మడానికి ఆ పర్మిట్ ఒప్పుకోదు. కాగితం చార్టు రోజుల్లో దీన్ని పట్టుకోవాలంటే బస్సు ఆపి జనాన్ని లెక్కపెట్టాలి. పండగ వచ్చిందంటే అధికారులు ఇప్పటికీ టోల్‌గేట్ల దగ్గర అదే పని చేస్తున్నారు, అర్ధరాత్రి పిల్లాపాపలతో ఉన్న ప్రయాణికులను నిద్రలేపి మరీ. ఏ బస్సులో ఏ సీటు ఎప్పుడు ఎంతకు అమ్ముడైందో, రూపాయితో సహా, ఆ కంపెనీల కంప్యూటర్లలో రాసి ఉంది. ఆ లెక్క తెప్పించుకుని చూడటానికి రవాణా శాఖ రోడ్డెక్కాల్సిన పనిలేదు.