ఎనిమిదంగుళాల మోచేయి

ఫ్లిక్స్‌బరో పేలుడు గురించి చదివినవాళ్ళకి గుర్తుండిపోయేది ఇరవై అంగుళాల పైపు. నా ధ్యాస మాత్రం ఆ కథలో పక్కకి తోసేసిన ఎనిమిదంగుళాల పైపు మీద, ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆ పైపు మలుపు దగ్గరున్న స్టెయిన్‌లెస్ స్టీల్ ఎల్బో మీద.

ముందు అందరికీ తెలిసిన కథ. 1974 జూన్ 1, శనివారం సాయంత్రం 4:53. ఇంగ్లండ్‌లో స్కన్‌తోర్ప్ పట్టణానికి దగ్గర్లో, ట్రెంట్ నది పక్కనున్న నైప్రో ఫ్యాక్టరీ పేలిపోయింది. నైలాన్‌కి ముడిసరుకైన కాప్రోలాక్టమ్ అక్కడ తయారయ్యేది. 28 మంది చనిపోయారు. అందులో 18 మంది కంట్రోల్ రూమ్‌లోనే. అది పనిదినమై ఉంటే ఆ లెక్క చాలా పెద్దదయ్యేది.

ఫ్యాక్టరీలో ఆరు రియాక్టర్లు మెట్ల వరసలా, ఒక్కోటి ముందుదానికన్నా 14 అంగుళాలు కిందకి ఉండేవి. 155 డిగ్రీల వేడిలో, గాలి ఒత్తిడికి దాదాపు తొమ్మిది రెట్ల ఒత్తిడిలో, సైక్లోహెక్సేన్ ఒక దాన్నుంచి ఇంకో దాంట్లోకి పారేది. మార్చి చివర్లో ఐదో రియాక్టర్ గోడ నిలువునా పగిలింది. ఆ గోడ బయటివైపు అరంగుళం మామూలు ఉక్కు, లోపలివైపు అంగుళంలో ఎనిమిదో వంతు స్టెయిన్‌లెస్ పొర. చిన్న లీకుని అదుపులో పెట్టడానికి కొంతకాలంగా దానిమీద కూలింగ్ వాటర్ పోస్తున్నారు. ఆ నీళ్ళలో నైట్రేట్లున్నాయి. నైట్రేట్లు తగిలితే, వేడిలో ఒత్తిడిలో ఉన్న మామూలు ఉక్కు పగుళ్ళు పడుతుంది. లోపల పారేదాన్ని చూసి స్టెయిన్‌లెస్ ఎంచుకున్నారు, పగులు మాత్రం బయటినుంచి వచ్చింది.

ఐదోదాన్ని తీసేసి, నాలుగుకీ ఆరుకీ మధ్య తాత్కాలికంగా ఒక పైపు వేశారు. అసలు నోళ్ళు 28 అంగుళాలవి. చేతికందింది 20 అంగుళాల పైపు. రెండు వైపులా ఎత్తు తేడా కాబట్టి పైపుని రెండుచోట్ల వంచాల్సొచ్చింది. ముక్కల్ని ఏటవాలుగా కోసి వెల్డ్ చేశారు. డ్రాయింగ్ కాగితం మీద కాదు, వర్క్‌షాప్ నేల మీద సుద్దముక్కతో గీశారు. రెండు చివర్లా ముడతల గొట్టాలు, కింద పరంజా గొట్టాల ఆసరా. పైపు తిన్నగా ఉంటే రెండు చివర్ల తోపుడు ఒకే గీత మీద ఎదురెదురుగా ఉండి రద్దయిపోతుంది. వంకర పైపులో ఆ రెండూ ఒకే గీత మీద ఉండవు, పైపుని మెలితిప్పుతాయి. ఆ లెక్క ఎవరూ వెయ్యలేదు. వెయ్యాల్సిన వర్క్స్ ఇంజినీర్ ఉద్యోగం వదిలి వెళ్ళిపోతే ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. ఏప్రిల్ 1న ఫ్యాక్టరీ మళ్ళీ మొదలై, రెండు నెలలు నడిచింది.

సుద్దముక్క, ఖాళీ కుర్చీ. కథగా ఇంతకన్నా ఏం కావాలి? ఇంజినీరింగ్ ఎథిక్స్ పాఠాల్లో ఫ్లిక్స్‌బరో ఇన్నేళ్ళు నిలబడింది ఈ రెండు బొమ్మల వల్లేనని నాకనిపిస్తుంది.

ఇప్పుడు రెండో కథ. శిథిలాల్లో ఒక 8 అంగుళాల స్టెయిన్‌లెస్ పైపు దొరికింది. దాని ఎల్బో దగ్గర 50 అంగుళాల చీలిక. దగ్గర్లోనే ఉన్న ఒక వాల్వుకి రెండు బోల్టులు వదులుగా కనిపించాయి. దాంతో కొందరు నిపుణులు ఇలా వాదించారు: వదులు బోల్టుల దగ్గర ద్రవం కారింది. పైపుకి చుట్టిన లాగింగ్‌లో చిన్న మంట పుట్టింది. ఆ మంట ఎల్బోని కాల్చింది. పక్కనే జింకు పూత ఉన్న సామాను కరిగి దానికి తగిలింది. ఎల్బో చీలింది, అక్కడ జరిగిన మొదటి పేలుడుకి 20 అంగుళాల పైపు ఊడింది.

స్టెయిన్‌లెస్ కరగాలంటే దాదాపు 1400 డిగ్రీల వేడి కావాలి. జింకుకి 419 చాలు. స్టెయిన్‌లెస్ బాగా వేడెక్కి, లాగుడులో ఉన్నప్పుడు ద్రవ జింకు తగిలితే, అది లోహపు రేణువుల సరిహద్దుల్లోకి దూరిపోతుంది. సాగాల్సిన లోహం పెళుసుబారి చీలుతుంది. తుప్పు పట్టకుండా ఇనుముకి మనం పూసే జింకే తుప్పు పట్టని ఉక్కుకి ఎసరు పెడుతుందన్నమాట.

ఎల్బో కొనేటప్పుడు మనం వేసే ప్రశ్నలు గుర్తు చేసుకోండి. 304 చాలా, ఉప్పునీళ్ళు తగిలే చోటు కాబట్టి మాలిబ్డినం ఉన్న 316 కావాలా? వెల్డింగ్ ఉంది కాబట్టి కార్బన్ తక్కువుండే ‘ఎల్’ రకం తీసుకుందామా? వంపు పైపు సైజుకి ఒకటిన్నర రెట్లుండే లాంగ్ రేడియస్సా, ఇరుకు చోటులో షార్ట్ రేడియస్సా? మందం ఏ షెడ్యూల్? అన్నీ అవసరమైన ప్రశ్నలే. కానీ దాదాపు అన్నీ లోపల పారేదాని చుట్టూ తిరిగేవే. పైన జింకు పూత మెట్లున్నాయా, కేబుల్ ట్రే వెళ్తోందా అన్నది ఎల్బో కేటలాగులో ఉండదు. అది ప్లాంటు లేఅవుట్‌లో, అంటే ఇంకొకరి టేబుల్ మీద ఉంటుంది.

ఎంచుకోవడం ఒక ఎత్తు, ఎంచుకున్నదే అక్కడుందని తెలియడం ఇంకో ఎత్తు. 2005లో టెక్సస్ సిటీలోని బీపీ రిఫైనరీలో రిపేరు కోసం ఒకే సైజు ఎల్బోలు మూడు విప్పారు. ఒకటి మామూలు కార్బన్ ఉక్కు, రెండు క్రోమియం కలిసినవి. చూడ్డానికి మూడూ ఒకటే. తిరిగి బిగించేటప్పుడు తారుమారయ్యాయి. వేడి హైడ్రోజన్ పారే చోటికి మామూలు ఉక్కు చేరింది. కొన్ని నెలలకి, జులై 28న, పగిలి మంటలొచ్చాయి. ఒకరికి చిన్న గాయం. అయస్కాంతం పెట్టి చూసినా తేడా తెలిసేది కాదు, రెండు రకాలూ అంటుకుంటాయి. అందుకే ఇప్పుడు చాలా చోట్ల ప్రతి ఎల్బోనీ ఎక్స్‌రే గన్‌తో చూసి మరీ బిగిస్తారు.

మళ్ళీ ఫ్లిక్స్‌బరోకి. 1975లో విచారణ సంఘం 20 అంగుళాల పైపు వైపే మొగ్గింది. అరుదైన ఘటన ఒక్కటి జరిగిందనుకోవడం, జరగడం కష్టమైనవి వరసగా జరిగాయనుకోవడం కన్నా నమ్మదగ్గదని దాని తర్కం. సుద్దగీతల పైపు ఎలాగూ ఏదో ఒకరోజు పోయేదే కాబట్టి నా ఓటూ అటే. ఐనా ఆ తర్కం నన్ను పూర్తిగా ఒప్పించదు. నేను పని చేసే సాఫ్ట్‌వేర్‌లో సర్వర్లు పడిపోయినప్పుడు తీరిగ్గా తవ్వి చూస్తే, దాదాపు ప్రతిసారీ తేలేది ‘ఇవన్నీ ఒకేసారి జరుగుతాయా’ అనిపించే గొలుసే.

పైగా ఏ కథ నమ్ముతామన్నదాన్ని బట్టి నింద ఎవరి మీద పడుతుందో మారిపోతుంది. మొదటి కథలో దోషులు నేల మీద గీసినవాళ్ళూ వాళ్ళకి పని అప్పజెప్పినవాళ్ళూ. రెండో కథలో అది వదులు బోల్టులకీ, లాగింగ్‌కీ, జింకుకీ చీలికలుగా పంచుకుపోతుంది. ఎనిమిదంగుళాల వాదాన్ని వదలని ఇంజినీర్లు ఆ తర్వాత దశాబ్దాలపాటు వ్యాసాలు రాస్తూనే ఉన్నారు. ఎల్బో చీలిందని రెండు పక్షాలూ ఒప్పుకుంటాయి. ఆ 50 అంగుళాల చీలిక పెద్ద పేలుడుకి ముందుదా, తర్వాతదా అన్నదే గొడవంతా.