రంగం రేవున ఒక మేడ

రంగూను నగరానికి దక్షిణపుటంచున, నది వెంబడి సాగే వీథికి స్ట్రాండు రోడ్డని పేరు. ఆ వీథిలో నదికి అభిముఖంగా మూడంతస్తుల తెల్లని భవనమొకటి ఉన్నది. 1901లో సార్కీస్ సోదరులు నెలకొల్పిన స్ట్రాండు హోటలు అదే. ఇస్ఫహాను ప్రాంతపు ఆర్మీనియను కుటుంబానికి చెందిన ఈ సోదరులే పినాంగులో ఈస్టరన్ అండ్ ఓరియంటల్ హోటలును, సింగపూరులో రాఫెల్స్ హోటలును నడిపినారు. ఓడల దారి వెంటనే వారి వ్యాపారమూ సాగినది.

ఆ మేడ ఉష్ణదేశానికి తగిన కట్టడం. ముందు స్తంభాల ముఖమంటపం, లోపల ఎత్తైన కప్పులు, వాటినుండి వ్రేలాడే పంకాలు, టేకు చెక్క పరచిన నేల, పేము కుర్చీలు. వీథిలోని ఎండ, వాన, రేవు కోలాహలం అన్నీ ఆ మంటపం వద్దనే ఆగిపోయినట్లు తోస్తుంది. పూర్వం అక్కడ యూరోపియనులకే ఆతిథ్యం. దేశీయులకు అతిథులుగా ప్రవేశం లేదు. సాయంకాలానికి ముందు తేనీరు సేవించడం ఆ అతిథుల నిత్యవిధి. ఇందులో ఒక చమత్కారమున్నది. ఆంగ్లేయుడు రాకపూర్వమే బర్మీయులు తేయాకును ఊరవేసి లపెట్ అనే పేరుతో తినేవారు; వివాదం తీరిన ఇరుపక్షాలవారూ దానిని పంచుకొని సంధి చేసుకొనేవారు. అట్టి దేశంలో తేయాకు పింగాణీ పాత్రలో చేరి, పరదేశి మర్యాదగా మారి, ఇంటివారినే బయట నిలిపినది.

బయట నిలిచినవారిలో మన తెలుగువారును ఉన్నారు. బర్మా 1937 వరకు బ్రిటిషు ఇండియాలో భాగమే. విశాఖపట్నం, కాకినాడ రేవుల నుండి ఓడలెక్కినవారు ఆ నగరాన్ని రంగమని పిలిచినారు. 1931 జనాభా లెక్కలలో రంగూను వాసులలో సగానికి పైగా భారతీయులే. వారిలో తెలుగు కూలీలు మేస్త్రీల వద్ద బయానా పుచ్చుకొని, ఆ అప్పు తీరేవరకు బియ్యపు మూటలు మోసి, ఒక్కొక్క గదిలో పదులకొద్దీ తలదాచుకొన్నారు. హోటలు కిటికీలు చూచే నదీతీరంలోనే వారి పని. గోదావరి ముఖాన 1839 తుపానుకు దెబ్బతిన్న కోరంగి రేవు పేరు, ఆ కూలీలందరికీ ‘కోరంగీలు’ అనే వ్యవహారనామంగా అక్కడ నిలిచిపోయినది.

1930 మే మాసంలో ఈ కూలీలు కూలి పెంపుకై సమ్మె కట్టినారు. యజమానులు వారి స్థానంలో బర్మీయులను చేర్చుకొన్నారు. ఒడంబడిక కుదరగానే ఆ బర్మీయులను వెళ్లిపొమ్మన్నారు. పేదవాడికీ పేదవాడికీ నడుమ రేగిన ఆ కలహంలో వందమందికి పైగా మరణించినారు. మృతులలో అత్యధికులు భారతీయులు. సంధికి లపెట్ పంచే దేశంలో ఆనాడు దానిని పంచినవారు లేరు.

1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూనుపై బాంబులు కురిపించినవి. మరుసటి సంవత్సరం హోటలు జపాను వారి వశమైనది; లక్షలాది భారతీయులు అరకాను, మణిపురపు కొండదారులలో నడచి స్వదేశం చేరబోయి, వేలసంఖ్యలో దారిలోనే రాలిపోయినారు. మిగిలినవారిలోను, తిరిగి వెళ్లినవారిలోను అనేకులను 1960ల నాటి జాతీయీకరణలు మరల ఓడ ఎక్కించినవి. అదే దశకంలో హోటలు కూడా ప్రభుత్వపరమైనది.

1993లో ఆ మేడను చక్కగా బాగుచేసి తిరిగి తెరచినారు. టేకు నేల మెరుగెక్కినది. ఆంగ్లేయ పద్ధతి తేనీటితోపాటు బర్మీయ ఫలహారాలనూ వడ్డించినారు. పాత కట్టడాన్ని కాపాడడం మంచిపనే. కాని మూటలు మోసినవారి గదులను బాగుచేసినవారు లేరు. వారి చరిత్రకు స్తంభాలూ లేవు, ఫలకాలూ లేవు. తిరిగి వచ్చినవారు స్థిరపడిన విశాఖపట్నపు పేటను నేటికీ బర్మా క్యాంపు అంటారు. స్ట్రాండు మేడలో తేనీరు సేవించే తెలుగు యాత్రికుడు ఒక్కసారి తలయెత్తి నదివైపు చూడవలెను. అతని పూర్వులు దిగిన రేవు ఆ కిటికీకి ఎదురుగానే ఉన్నది.