సైగలు నేర్పితే మాటలు రావా?

"సైగలు నేర్పితే ఇంక నోరెందుకు విప్పుతాడురా?" అంది అమ్మ.

మావాడికప్పుడు మూడున్నరేళ్ళు. ఆటిజం అని తేలి ఆర్నెల్లయింది. ఇక్కడ ఇంగ్లండులో స్పీచ్ థెరపిస్టు చెప్పిన మీదట మకటాన్ సైగలు మొదలుపెట్టాం. అమ్మకి జవాబు చెప్పలేక, ఆ రాత్రి కూర్చుని చరిత్ర తిరగేశాను. చూస్తే ఈ భయం మా అమ్మ ఒక్కదానిదే కాదు.

1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల చదువు మీద అంతర్జాతీయ మహాసభ జరిగింది. సైగల కన్నా నోటిమాటతో చదువు చెప్పడమే మేలని తీర్మానించారు. ఓటేసినవాళ్ళు దాదాపు అందరూ చెవులు వినపడేవాళ్ళే! ఆ తర్వాత చాలా దేశాల బళ్ళలో సైగల్ని వెళ్ళగొట్టారు. సైగ మాటకి శత్రువన్న నమ్మకం అలా పాతుకుపోయింది. 1960లో అమెరికాలో విలియం స్టోకీ అనే ఇంగ్లీషు ప్రొఫెసరు, బధిరుల సైగలకీ ఒక నిర్మాణం ఉందని, అదీ భాషేనని చూపించాడు. మిలాన్ తీర్మానాలని అదే మహాసభ తిరస్కరించింది మాత్రం 2010లో, వాంకూవర్‌లో. నూట ముప్ఫై ఏళ్ళు పట్టింది.

ఈలోగా 1972-73 ప్రాంతంలో, సర్రేలోని బాట్లీస్ పార్క్ ఆసుపత్రిలో మార్గరెట్ వాకర్ అనే స్పీచ్ థెరపిస్టు, చెవుడుతో పాటు నేర్చుకోవడంలోనూ ఇబ్బందులున్న పెద్దవాళ్ళ కోసం కొన్ని సైగల్ని ఏర్చి కూర్చింది. కేథీ జాన్‌స్టన్, టోనీ కార్న్‌ఫర్త్ తోడయ్యారు. ఆ ముగ్గురి పేర్లలోని మొదటి అక్షరాలు కలిపితే వచ్చిందే మకటాన్. తర్వాత అది ఆటిజం పిల్లల దాకా వచ్చింది.

ఇందులో నోరు మూసుకుని చేతులాడించడం ఉండదు. వాక్యమంతా పైకి అంటూ, ముఖ్యమైన మాటకి మాత్రమే సైగ చెయ్యాలి. అన్నమాట గాలిలో కలిసిపోతుంది. చెయ్యి మాత్రం ఓ క్షణం కళ్ళముందు నిలుస్తుంది. మాట పట్టుకోలేని పిల్లవాడికి ఆ క్షణమే ఆసరా.

మరి మాట తగ్గిపోతుందా? అంతకుముందు జరిగిన అధ్యయనాలని 2006లో అమెరికా పరిశోధకులు కలిపి చూశారు. సైగలు, బొమ్మలు వంటివి నేర్పిన వాళ్ళలో గట్టి ఆధారాలున్నవి 27 కేసులు. ఒక్కరికీ మాట తగ్గలేదు. 89 శాతం మందికి పెరిగింది, చాలామందికి కొద్దిగానే అయినా.

ఇవన్నీ అమ్మకి చెప్పాను. "ఏమోరా" అంది. కాసేపటికి మావాడు వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "మంచినీళ్ళు కావాలా నాన్నా?" అంటూ అమ్మ బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపించింది, మా ఊళ్ళో అందరూ చూపించినట్టే. తను సైగ చేసినట్టు తనకే తెలీదు.

వాడు మకటాన్‌లో నేర్చుకున్నట్టు, గ్లాసు పట్టుకున్నట్టుగా చెయ్యి ముడిచి నోటి దగ్గరికి వంచాడు. నాలుగు నెలల తర్వాత ఆ చేతితో పాటు "నీ" అన్నాడు. ఇప్పటికీ అంతే అంటాడు. అది వినగానే అమ్మ గ్లాసు కోసం లేస్తుంది.