అనాస చుట్టాల మీద దోమల కేసు

ఈమధ్య హైదరాబాదు నర్సరీల్లో ఒక మొక్క తెగ కనిపిస్తోంది. పట్టీల్లాంటి ఆకులు గుండ్రంగా పరుచుకుని, నడిమధ్య ఎర్రగానో పసుపుగానో ఒక కంకి. పేరడిగితే నర్సరీ అబ్బాయి "బ్రోమిలియా సార్" అన్నాడు. అసలు పేరు బ్రోమిలియడ్. ఓలాఫ్ బ్రొమేలియస్ అనే స్వీడన్ వైద్యుడి పేరు మీదుగా వచ్చింది. మనకి బొత్తిగా తెలియని కుటుంబమేం కాదు, మన అనాస వీటి సొంత చుట్టమే. అనాస అన్న మాట కూడా బ్రెజిల్ టూపీ వాళ్ళ నోట్లోంచి పోర్చుగీసు ఓడలెక్కి మనదాకా వచ్చింది. మొత్తం మూడు వేల పైచిలుకు జాతులుంటే, ఆఫ్రికాలో ఉన్న ఒకే ఒక్కటి తప్ప అన్నీ అమెరికా ఖండాలవే.

నేనూ రెండు తెచ్చి ఇంటి ముందు మామిడిచెట్టు కింద పెట్టాను. ఎదురింటి బాబాయి గారు చూసి "ఆకుల మధ్య నీళ్ళు నిలుస్తున్నాయి కదరా, దోమల ఫ్యాక్టరీ పెట్టావేంటి?" అన్నారు. ఎవరైనా బగ్ రిపోర్ట్ చేస్తే ముందు దాని పాత హిస్టరీ తీసి చూడ్డం మన వృత్తి రోగం కదా. తీసి చూస్తే ఈ కేసు నూటపాతికేళ్ళ నాటిది!

1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. ఆ మరుసటి ఏడాది బ్రెజిల్‌లో సావో పాలో నుంచి సాంటోస్ రేవుకి దిగే కొండల్లో రైలు పనులు చేస్తున్న కూలీలు వరసగా మలేరియాతో పడిపోయారు. చుట్టుపక్కల చెరువు లేదు, మురుగు లేదు. నీళ్ళు నిలవని ఏటవాలు కొండలు. మరి దోమలెక్కడివి? అడాల్ఫో లుట్జ్ అనే వైద్యుడు వెతికి పట్టుకున్నాడు. చెట్ల కొమ్మల మీద వేలాదిగా బ్రోమిలియడ్లు, ఒక్కో మొక్క ఆకుల దొన్నెలో కాసిని వాన నీళ్ళు, అందులో దోమ పిల్లలు. అంటే చెరువు నేల మీద లేదు, చెట్టెక్కి కూర్చుంది. 1903లో ఈ సంగతి అచ్చేశాడు. (అన్నట్టు, ఇవి బదనికలు కావు. చెట్టు రసం పీల్చవు, ఊరికే ఎక్కి కూర్చుంటాయంతే.)

తర్వాత కథ ట్రినిడాడ్ ద్వీపంలో నడిచింది. అక్కడ కోకో తోటలకి నీడ కోసమని దొరలు ఇమ్మోర్టెల్ చెట్లు నాటించారు, మన బాడిద చెట్టు చుట్టాలవి. వాటి నిండా బ్రోమిలియడ్లు పట్టాయి. కింద కూలీల ఇళ్ళు. 1940లలో మలేరియా తీవ్రంగా ఉన్న రోజుల్లో అక్కడ పనిచేసినవాడు కాలిన్ పిట్టెండ్రిగ్. యుద్ధంలో ఆయుధం పట్టనన్న మనిషి. ఏ దోమ ఏ గంటకి, చెట్టు మీద ఏ ఎత్తులో కుడుతుందో రాత్రింబవళ్ళు లెక్క రాసుకున్నాడు. ఆ లెక్కల్లోంచే ఆయనకి ప్రాణుల లోపలి గడియారం మీద ఆసక్తి పుట్టింది. అమెరికా షిఫ్టులు చేసి మనం పాడుచేసుకునే బాడీ క్లాక్ ఉందే, ఆ శాస్త్రానికి పునాది వేసినవాళ్ళలో ఆయనొకడు. అక్కడ మందేమిటంటే మైలుతుత్తం. నీళ్ళలో కలిపి చెట్లపైకి కొడితే బ్రోమిలియడ్లు చచ్చేవి, చెట్టు బతికేది.

దక్షిణ బ్రెజిల్‌లోని శాంతా కతరీనాలో ఇంకా పెద్ద ఎత్తున చేశారు. పట్నాల చుట్టూ అడవే కొట్టేశారు. మిగిలిన చోట్ల కూలీలు చెట్లెక్కి బ్రోమిలియడ్లని పీకి పారేశారు. ఈ పనికి ఏ మొక్క ఏదో చెప్పాలి కదా, ఆ మనిషి రావులీనో రైట్జ్ అనే క్రైస్తవ ఫాదరీ. మలేరియా వాళ్ళ కోసం బ్రోమిలియడ్లు చదవబోయి, చివరికి ఆ రాష్ట్రపు మొక్కలన్నిటి మీదా గ్రంథాల వరుస నడిపించాడు. నరకడానికి లెక్క, దాచుకోవడానికి లెక్క రెండూ ఒకే చేతి మీద! మలేరియా నిజంగానే తగ్గింది, అది కాదనలేం. డీడీటీ, మందులు కూడా తోడయ్యాయి. కానీ అడవిలో రైలు కట్టిందెవరు, నీడచెట్లు నాటిందెవరు, వాటి కింద గుడిసెలు వేయించిందెవరు? రూట్ కాజ్ రాయమంటే నేను మొక్క పేరు మొదట రాయను.

చిత్రమేమిటంటే సరిగ్గా అవే రోజుల్లో అదే దేశంలో రాబర్టో బుర్లె మార్క్స్ ఈ మొక్కల్నే ఏరి తోటల్లో పెడుతున్నాడు. 1928లో కుటుంబంతో బెర్లిన్ వెళ్ళినప్పుడు అక్కడి డాలెం ఉద్యానవనం గాజు గదుల్లో తన దేశపు మొక్కల అందం తొలిసారి కళ్ళబడిందట. రియో డబ్బున్నవాళ్ళ తోటల్లో అప్పటికి యూరప్ పద్ధతులదే రాజ్యం. 1949లో రియో శివార్లలో ఒక పాత తోట కొని, కొండలు తిరిగి తెచ్చినవన్నీ అక్కడ రాళ్ళ మధ్య గుంపులు గుంపులుగా పెంచాడు. 1985లో ప్రభుత్వానికి రాసిచ్చేశాడు. 2021లో అది యునెస్కో వారసత్వ స్థలమైంది. ఇటు ఫ్లోరిడాలో మల్ఫర్డ్ ఫాస్టర్, భార్య రాసీన్‌తో కలిసి బ్రెజిల్ అడవులు తిరిగి మొక్కలు తెచ్చాడు. 1950లో పెట్టిన బ్రోమిలియడ్ సొసైటీకి మొదటి అధ్యక్షుడు ఆయనే.

అదే ఫ్లోరిడాలో 2016లో జికా వచ్చేసరికి మయామీ బీచ్ నగరపాలక సంస్థ వీధుల్లోని బ్రోమిలియడ్లు పీకించింది. మళ్ళీ అదే కేసు!

మరి బాబాయి గారి మాట సంగతేంటి? లుట్జ్, పిట్టెండ్రిగ్ చూసిన దోమలు మన దేశంలో లేవు. మన పట్నాల మలేరియా దోమకి బావులు, ఓవర్‌హెడ్ ట్యాంకులు ఇష్టం. అసలు భయం డెంగీ దోమతో. రియో బొటానికల్ గార్డెన్‌లో లెక్కపెడితే బ్రోమిలియడ్లలో ఆ దోమ పిల్లలు ఒక శాతంలోపే దొరికాయి. మయామీ ఇళ్ళ మధ్య 2018 నాటి పరిశోధనలో మాత్రం బోలెడు. నాకర్థమైనదేమిటంటే ఇళ్ళ మధ్య పెంచితే అది కూడా ఒక పాత కూలర్ కిందే లెక్క, పీకక్కర్లేదు గానీ వదిలేయకూడదు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పైన పడుతుంది కాబట్టి, వారానికోసారి పైపుతో దొన్నె నిండి పొర్లేలా నీళ్ళు కొడితే చాలు.

పెంచడం తేలికే. మెత్తటి ఆకులవి నీడలో, గట్టి ముళ్ళ ఆకులవి పొద్దుటి ఎండలో. మన మే ఎండ దేనికీ పనికిరాదు, షేడ్ నెట్ వేయండి. డల్లాస్ వాళ్ళు చలికాలం లోపలికి తెచ్చుకోవాలి. మట్టి బదులు కొబ్బరి పొట్టు, బొగ్గు, ఇటుక ముక్కలు. మొక్క ఒక్కసారే పూసి పోతుంది, ఈలోగా అరటిలాగే పక్కన పిలకలు వేస్తుంది. ఇంకొకటి, నాలాగా మామిడి కింద పెట్టినవాళ్ళు ఆ చెట్టుకి తెగుళ్ళ మందని బోర్డో మిశ్రమం కొట్టించే ముందు కింద కుండీలు దూరంగా జరపండి. అందులో ఉండేది ట్రినిడాడ్‌లో వాడిన మైలుతుత్తమే.